మా ల్యాప్‌టాప్‌లో బాడుగకు దిగిన కంప్యూటరు

వర్చువల్ మెషిన్ అంటే ఏమిటో కర్నూలు వాళ్లకు బయటి నుంచి వచ్చి ఎవరూ చెప్పనక్కర్లేదు. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్లపాటు మేం ఒక రాజధానినే అలా నడిపాం. ఊరు ఊరుగానే ఉంది, తుంగభద్ర తన దారిన తాను పారుతోంది, మధ్యలో గుడారాలు వేసి అందులో ఆంధ్ర రాష్ట్రాన్ని ఆన్ చేశారు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగానే గుడారాలు పీకేసి హైదరాబాదుకు పోయారు. కింద ఉన్న ఊరి మీద ఒక్క గీత కూడా పడలేదు. వర్చువల్ మెషిన్‌కు ఇంతకంటే మంచి నిర్వచనం నాకు ఏ కంప్యూటరు పుస్తకంలోనూ కనబడలేదు. (గీత పడిందనేవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. వాళ్లతో నేను సాయంత్రం టీ కొట్టు దగ్గర మాట్లాడుకుంటాను.)

ఇంత ఘన చరిత్ర ఉన్న ఊళ్లో పుట్టి కూడా నేను మొన్నటిదాకా ఒకే ఒక్క కంప్యూటరుతో బతికాను. ఆ సంగతి బెంగళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడు ఉగాదికి వచ్చినప్పుడు బయటపడింది. నా ల్యాప్‌టాప్ తెరిచి, ఒళ్లో పెట్టుకుని, కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఇది ల్యాప్‌టాప్ కాదు మామా, రాజ్‌విహార్ సెంటరు" అన్నాడు. మా ఊళ్లో ఎప్పుడూ రద్దీగా ఉండే కూడలి అది.

కాదనలేను. ఎవరో పెన్‌డ్రైవ్‌లో పెట్టిచ్చిన దొంగ సాఫ్ట్‌వేరు అందులోనే ఉంది, బ్యాంకు లావాదేవీలూ అందులోనే. వేగం పెంచుతానని ఎక్కి కూర్చున్న ఉచిత ప్రోగ్రామొకటి నాలుగేళ్లుగా వేగం పెంచుతూనే ఉంది, ల్యాప్‌టాప్ తెరుచుకోవడానికి పట్టే సమయం కూడా పెరుగుతూనే ఉంది. పింఛను కాగితాలు, ఆధార్ స్కాన్లు, పెళ్లి ఫొటోలు, ఊరూ పేరూ లేని పీడీఎఫ్‌లు అన్నీ ఒకే డెస్క్‌టాప్ మీద, బస్సు రాక ముందు బస్టాండులో జనంలా ఉన్నాయి.

అయితే దీనికి మందు ఉందన్నాడు. కంప్యూటరులో ఇంకో కంప్యూటరు పెట్టడం, వర్చువల్ మెషిన్ అంటే అదే. అసలు మెషిన్ ఇంటి ఓనరు. అందులో ఒక గది కట్టి, గోడలు లేపి, మెమరీ ఇంత, డిస్కు ఇంత అని లెక్కగా బాడుగకిస్తాం. బాడుగకు దిగినవాడికి ఇల్లంతా తనదే అనిపిస్తుంది, గోడ అవతల ఏముందో తెలియదు. లోపల వైరస్ పడ్డా, ఆ గది వరకే పాడవుతుంది. ఈ పంపకం చేసే సాఫ్ట్‌వేరును హైపర్‌వైజర్ అంటారు. కొత్తదేం కాదు, 1972లోనే ఐబీఎం తన పెద్ద మెషిన్లకు వీఎం/370 అని తెచ్చింది. మెషిన్ ఒకటే, వాడేవాళ్లు చాలామంది, ప్రతివాడికీ మొత్తం తనదే అనిపిస్తుంది. నలుగురు కొడుకులను విడివిడిగా పిలిచి "ఈ ఇల్లు నీదేరా" అని చెప్పిన తండ్రులు మా వీధిలో ఇద్దరున్నారు, వాళ్లకు ఐబీఎం రాయల్టీ ఏమీ ఇచ్చినట్టు లేదు.

వాడు ఎక్కించిన హైపర్‌వైజర్ పేరు వర్చువల్‌బాక్స్. పైసా ఖర్చు లేదు. దాని పుట్టుపూర్వోత్తరాలు కూడా చెప్పాడు: జర్మనీ కంపెనీ ఇనోటెక్ 2007లో బయటపెట్టింది, 2008లో సన్ అనే కంపెనీ కొనుక్కుంది, 2010లో సన్‌నే ఒరాకిల్ కొనుక్కుంది. మూడేళ్లలో మూడు పాస్‌బుక్కులు మారిన పొలమంటే మా జిల్లాలో ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఈసీ తీయిస్తారు. నేను తీయించలేదు. బయోస్‌లోకి, అంటే మెషిన్ లేచేటప్పుడు మొదట వచ్చే సెట్టింగుల్లోకి పోయి ఏదో మీట వేశాడు, ఉన్న ఎనిమిది జీబీ మెమరీలో నాలుగు తీసి లోపలి మెషిన్‌కు రాసిచ్చాడు, అందులో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పెట్టాడు. అప్పటి నుంచి ఫ్యాను శబ్దం గ్రైండరులో మినప్పప్పు వేసినట్టు ఉంటుంది.

ఇదంతా చూసి మా ఆవిడ నవ్వింది. ఆమె దగ్గర ఆవకాయ జాడీ ఒకటుంది. మూతికి గుడ్డ కట్టి వంటింటి మూలన పెట్టి ఉంటుంది. వారానికోసారి తడి లేని గరిటెతో నాలుగు బద్దలు చిన్న గిన్నెలోకి తీస్తుంది. ఆ గిన్నెలో నేను పెరుగన్నం చేయి పెడతాను, మా వాడు తడి చెంచా పెడతాడు, చుట్టాలు ఏం పెడతారో దేవుడికి తెలియాలి. బూజు పడితే గిన్నె కడిగేసి మళ్లీ తీస్తుంది. జాడీ దగ్గరికి మాత్రం నరమానవుణ్ణి రానివ్వదు.

"ఇంతే గదా? దీనికి బెంగళూరు పోయి చదవాల్నా?" అంది.

మేనల్లుడు కాస్త తగ్గాడు. ఆమె చెప్పింది అక్షరాలా నిజమని, యోవన్నా రుట్కోవ్‌స్కా అనే పోలండ్ ఆవిడ ఇదే పద్ధతిలో క్యూబ్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌నే తయారుచేసిందని, 2012లో దాని మొదటి వెర్షన్ వచ్చిందని చెప్పాడు. అందులో బ్యాంకుకో మెషిన్, ఆఫీసుకో మెషిన్, అనుమానపు ఫైళ్లకు వాడి పారేసే మెషిన్. ఏ కిటికీ ఏ మెషిన్‌దో తెలియడానికి అంచులకు రంగులు. మా ఆవిడ జాడీ గుడ్డలకు రంగులు వేయలేదు, అదొక్కటే తేడా.

పండగ మర్నాడు, మెషిన్ ఎలా ఉందో అలాగే నిలిపి ఒక స్నాప్‌షాట్ తీశాడు. రేపు ఏం పాడైనా ఒక్క నొక్కుతో ఈ రోజుకు వెనక్కి రావచ్చట. మనుషులకు ఈ సదుపాయం లేకపోవడం గురించి నేను ఆ రాత్రి చాలాసేపు ఆలోచించాను. వాడు బెంగళూరు బస్సెక్కాక ఫోన్ చేసి పాస్‌వర్డ్ ఏం పెట్టినావని అడిగాడు. వరండాలో నిలబడి అక్షరం అక్షరం చెప్పాను. బస్సులో సిగ్నల్ లేదు, మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. భద్రత మీద కొత్తగా పుట్టిన భక్తి కొద్దీ నెలకో పాస్‌వర్డ్ మార్చాలని కూడా తీర్మానించుకుని, మర్చిపోకుండా క్యాలెండరులో ఏ నెలది ఆ నెల పేజీ మీద రాసుకున్నాను.

ఇక వాడుక. లోపలి నుంచి బయటికి ఫైలు రావాలంటే ఇబ్బందిగా ఉందని రెండింటికీ ఒక ఉమ్మడి ఫోల్డరు పెట్టాను. చిన్న ఫోల్డరుతో ఏం సరిపోతుందని మొత్తం డెస్క్‌టాప్‌నే ఇచ్చేశాను. ఇక్కడ కాపీ చేసింది అక్కడ పేస్ట్ కావడం లేదని క్లిప్‌బోర్డు కూడా కలిపాను, అటూ ఇటూ రెండు వైపులా. గోడ కట్టించిన మేస్త్రీకి కూలి ఇచ్చి, మర్నాడే మూడు కిటికీలు కొట్టించుకున్నవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే కాను.

అంతకంటే పెద్ద ఘనకార్యం ఇంకొకటుంది. లోపలి మెషిన్ మెల్లగా నడుస్తుంది, బయటిది కాస్త చురుకు. అందుకని డౌన్‌లోడ్లు, తెలియని లింకులు, మిత్రులు పంపే అటాచ్‌మెంట్లన్నీ చురుకైన దాంట్లోనే తెరిచి, బ్యాంకు పని మాత్రం లోపలి పవిత్ర మెషిన్‌లో చేసుకునేవాణ్ణి. ఫోన్‌లో ఈ సంగతి గర్వంగా చెబితే అటు నుంచి నిట్టూర్పు వినిపించింది.

"అంటే జాడీలో తడి చేయి పెట్టి, గిన్నెకు గుడ్డ కట్టి దాచుకుంటాండావా మామా?"

ఓనరే దొంగైతే బాడుగకున్నవాడు తలుపు గడియ పెట్టుకుని లాభం లేదట. బయటి మెషిన్‌లో మనం నొక్కే మీటలు రాసుకునే దొంగ ప్రోగ్రామొకటి ఉంటే, లోపల టైపు చేసే పాస్‌వర్డ్ కూడా దాని వేళ్ల సందుల్లోంచే పోతుంది, తెర మీద కనిపించేది దాని కళ్లముందే కనిపిస్తుంది. శుభ్రంగా ఉంచుకోవాల్సింది బయటిది, మురికి పని చేయాల్సింది లోపల. ముందు పాతదంతా తుడిచేద్దామని వాడు ఉగాదినాడే అన్నాడు. పెళ్లి ఫొటోలున్నాయని నేనే వద్దన్నాను.

ఎవరికీ కనబడకుండా ఉండాలన్న కోరిక కూడా అలాగే తీరింది. కొత్త మెషిన్‌లోకి పోయి పాత జీమెయిల్‌తో లాగిన్ అయ్యాను. ముసుగు వేసుకుని, దాని మీద ఆధార్ కార్డు వేలాడదీసుకుని ఊరేగినట్టు. మెషిన్ మారినా ఇంటి ఇంటర్నెట్ అదే కాబట్టి వెబ్‌సైట్లకు చిరునామా కూడా అదే కనిపిస్తుంది. నిజంగా దాగాలనుకునేవాళ్లు హూనిక్స్ అని వాడతారట: రెండు మెషిన్లు, పని చేసేదానికి నేరుగా బయటికి దారే ఉండదు, ఏ మాటైనా రెండోది టార్ అనే, ఎవరు ఎక్కణ్ణుంచి మాట్లాడుతున్నారో దాచే నెట్‌వర్క్ మీదుగా మోసుకుపోతుంది. మా పెదనాన్న, పెద్దమ్మ పన్నెండేళ్లు అలాగే మాట్లాడుకున్నారు, మధ్యలో మా అక్క.

గోడలైనా గట్టివేనా అంటే, దానికి కొండారెడ్డి బురుజు దగ్గరికి పోవాలి. బురుజులోంచి గద్వాలకు సొరంగం ఉందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. పోయి వచ్చినవాణ్ణి చూసినవాడు లేడు గానీ, ఉందన్న సంగతి అందరికీ తెలుసు. వర్చువల్ మెషిన్లలో అలాంటి సొరంగం 2015లో నిజంగానే దొరికింది. పేరు వెనమ్. అది ఉన్న చోటు చూడండి: ఫ్లాపీ డిస్కు నడిపే కోడులో. 2004 నుంచి అక్కడే ఉంది. ఫ్లాపీని లోకమంతా మర్చిపోయింది, కొన్నింటిలో ఫ్లాపీ వద్దని తీసేసినా ఆ కోడు మాత్రం లోపల మెలకువగానే ఉంది. లోపలి మెషిన్‌లో అధికారం చేతికొచ్చినవాడు అందులోంచి ఓనరు ఇంట్లోకి తేలగలడు. తర్వాత దాన్ని పూడ్చారు. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అని ఇంకో రెండు బయటపడ్డాయి, అవి ప్రాసెసర్లోనే ఉన్నాయి. పునాదిలో పగులంటే ఇక గోడలను ఏమనగలం? అప్‌డేట్లు ఆపకుండా వేసుకోవాలి, అంతేనట.

నేను మాత్రం ఇవన్నీ తెలుసుకుని, ధైర్యం కూడగట్టుకుని, ఆధార్ జిరాక్స్ కోసం ఒక కొట్టుకు పోయి ఫైలు ఆయన వాట్సాప్‌కు పంపాను. ఆయన తెర మీద ఊరందరి ఆధార్లూ ఉన్నాయి, తీసేసే పద్ధతి ఆయనకు లేదు. ఏ మెషిన్‌లో ఉన్నాయని అడగబోయి ఊరుకున్నాను.

మే నెలలో అసలు పరీక్ష వచ్చింది. లోపలి మెషిన్ అప్‌డేట్ అవుతుండగా కరెంటు పోయింది. మా ల్యాప్‌టాప్ బ్యాటరీ రెండేళ్ల కిందటే విశ్రాంతి తీసుకుంది. కరెంటు వచ్చాక చూస్తే లోపల నల్ల తెర, ఎంత బతిమాలినా కదల్లేదు. మేనల్లుడికి ఫోన్ చేస్తే, "టెన్షన్ ఎందుకు మామా, స్నాప్‌షాట్‌కు వెనక్కి పో" అన్నాడు. పోయాను. రెండు నిమిషాల్లో మెషిన్ తాజాగా, ఉత్సాహంగా లేచి కూర్చుంది. దాని లెక్కలో ఇంకా ఉగాది వంటలు కూడా చల్లారలేదు. ఏప్రిల్, మే నెలల్లో అందులో దాచుకున్నవన్నీ పోయాయి. సరే, అవి పోతాయని ముందే చెప్పాడు.

మే నెల పాస్‌వర్డ్ కొట్టాను. తప్పంది. ఏప్రిల్‌ది కొట్టాను. తప్పంది. అప్పుడు వెలిగింది, మెషిన్ మార్చిలో ఉందని. క్యాలెండరు దగ్గరికి పరిగెత్తాను. మార్చి లేదు.

"ఆ పేజీ మందంగా, బాగుందని ఎదురింటి అక్క అడిగితే చించిచ్చినా. ఆమె అలమర అరలో పరుచుకునింది" అంది మా ఆవిడ.

వీధి దాటి విషయం చెప్పాను. అక్క తమ ఆవకాయ జాడీ పక్కకు జరిపి చూసింది. ల్యాప్‌టాప్ మా వరండాలో, అక్షరాలు వాళ్ల వంటింట్లో. ఆమె కిటికీ దగ్గర నిలబడి చదువుతుంటే నేను ఇటు వచ్చి టైపు చేశాను. ఊరి పేరు సరిపోయింది, పుట్టిన ఏడు సరిపోయింది.

"ఇక్కడ నూనె మరక పడింది అప్పా. సున్నానో, ఇంగ్లీషు ఓనో తెలీడం లేదు" అంది.

ఓ కొట్టాను. తప్పంది. అప్పుడు వేపచెట్టు కింద బండి పెట్టుకున్న ఇస్త్రీ అతను, చొక్కా మీంచి తల ఎత్తకుండానే అన్నాడు:

"సున్నానే సార్. పండగ మర్నాడు మీరే మూడుసార్లు చెప్తిరి గదా."