విత్తాక చేను ముఖం చూసేదెవరు?

సంక్రాంతి ముగ్గులు చెరగకముందే నల్లరేగడి చేలల్లో శనగ కాయ కడుతుంది. ప్రకాశం, కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడప జిల్లాల్లో, అటు ఆదిలాబాద్, కామారెడ్డి ప్రాంతాల్లో అక్టోబరు రెండో పక్షం నుంచి నవంబరు దాకా విత్తిన పైరు ఇది. పైనుంచి చుక్క పడకపోయినా, వానాకాలంలో రేగడి దాచుకున్న తేమతో, మంచుతో తొంభై, వంద రోజుల్లో చేతికొస్తుంది. ఆ వంద రోజుల్లో సర్కారు దాన్ని గట్టిగా పలకరించేది రెండే సార్లు. ఎన్ని ఎకరాలు విత్తారో రాసుకోవడానికి ఒకసారి, పంటకోత ప్రయోగాల్లో ఎంత పండిందో తూచడానికి మరోసారి. ఈ రెంటి నడుమ చేను ఆరోగ్యం ఎలా ఉందన్న లెక్క రైతుకు పనికొచ్చే రూపంలో ఎక్కడా కనబడదు. పైరు గెలిచేదీ ఓడేదీ మాత్రం ఆ నడుమనే.

శనగపచ్చ పురుగునే తీసుకోండి. కందిలో కనబడినా, పత్తిలో కనబడినా, టమాటాలో కనబడినా దానికి శనగ పేరే. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్ల పురుగు ముందు ఆకులోని పచ్చదనాన్ని గీకి తింటుంది. ఆకు తెల్లటి పొరలా మిగలడమే దాని ఆనవాలు. గట్టు మీద నిలబడితే అది కనబడదు; సాలులోకి దిగి వంగి చూడాలి. ఆ అదను దాటితే పురుగు కాయకు తొర్ర చేసి, తల లోపలికి దూర్చి, సగం ఒళ్లు బయట పెట్టుకుని గింజ తింటుంది. అప్పుడు అందరికీ కనబడుతుంది గానీ, ఎదిగిన పురుగు మందుకు ఓ పట్టాన లొంగదు. మీటరు సాలుకు ఒకటి రెండు పురుగులు కనబడితే చర్య తీసుకోవాలని, మగ రెక్కల పురుగులను వాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు ఎకరాకు నాలుగు పెట్టాలని, పక్షులు వాలడానికి కొయ్యలు పాతాలని వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఏళ్లుగా చెబుతూనే ఉన్నాయి. వీటిలో ఖరీదైనది ఏదీ లేదు. కొరవడింది లెక్కపెట్టే మనిషే.

పసుపు రంగుతో ఇంకా చిక్కు. జనవరి చివర్లో చేలో అక్కడక్కడా మొక్కలు పాలిపోయి వడలిపోతాయి. అది బెట్ట కావచ్చు, ఎండు తెగులు కావచ్చు, వేరుకుళ్లు కావచ్చు. దూరం నుంచి మూడూ ఒకేలా ఉంటాయి. మొక్కను పీకి కాండాన్ని నిలువుగా చీలిస్తే లోపల గోధుమ, నలుపు చారలుంటే ఎండు తెగులు. పీకబోతే పిల్లవేళ్లు ఊడి, తల్లివేరు పెళుసుగా విరిగి మట్టిలోనే ఉండిపోతే వేరుకుళ్లు. ఎండు తెగులును తట్టుకునే జేజీ 11 వంటి రకాలు వచ్చాక ఆంధ్రలో శనగ సాగు స్వరూపమే మారిపోయింది. కానీ వేరుకుళ్లు వేడి పెరిగి నేల ఆరేకొద్దీ విజృంభించే తెగులు. వేసవి తొందరపడుతున్న ఏళ్లలో దానిదే పైచేయి. ఆకు మీద ఏ మందు కొట్టినా అది పోదు. ఆ మాట చెప్పే అధికారి చేలో లేనప్పుడు రైతు వాడిన మొక్క పట్టుకుని పురుగుమందుల దుకాణానికి వెళతాడు. అక్కడ ‘ఏమీ కొట్టొద్దు’ అన్న సలహా దొరకదు. అలా చెబితే దుకాణం నడవదు కదా.

దీని ఖరీదు ఎంతో 2021–22లో మిరప రైతులు చవిచూశారు. గుంటూరు నుంచి ఖమ్మం దాకా పూలలో చేరిన నల్ల తామర పురుగును గుర్తుపట్టేలోపే తోటలు మాడిపోయాయి. పాత తామర పురుగే అనుకుని డబ్బాల మీద డబ్బాలు కొట్టారు. పురుగు చావలేదు, దాన్ని తినే మిత్రపురుగులు చచ్చాయి.

ఉపగ్రహాలు, డ్రోన్లు ఉండగా ఇంకా కాలినడకేమిటని అడిగేవారున్నారు. వాటిని మేం తక్కువ చేయడం లేదు. 2012 నుంచి ఢిల్లీలో పంట అంచనాలకు మహలనోబిస్ కేంద్రమే ఉంది. కేంద్రం నడిపే పంటల బీమా పథకం ఫసల్ బీమాలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమ దిగుబడి లెక్కల్లో ఉపగ్రహ సాంకేతికతకు కొంత వాటా ఇచ్చారు. ఆకాశం నుంచి చూస్తే ఏ ఊరి చేను పాలిపోయిందో తెలుస్తుంది. ఎందుకు పాలిపోయిందో వేరు విరిచి చూస్తేనే తెలుస్తుంది. పైగా ఫిబ్రవరిలో పచ్చగా ఉన్నంత మాత్రాన గింజ నిండుతుందన్న హామీ లేదు. 2022లో ఉత్తరాది గోధుమ ఆ సంగతి చెప్పింది. ఆ ఫిబ్రవరిలో కేంద్రం అంచనా 11.13 కోట్ల టన్నులు. 1901 నుంచి నమోదైన మార్చి నెలల్లోకెల్లా వేడి మార్చి వచ్చి, పాలు పోసుకుంటున్న కంకులు ముడుచుకుపోయాయి. ఎగుమతుల కోసం తొమ్మిది దేశాలకు బృందాలను పంపుతామని మే 12న ప్రకటించిన ప్రభుత్వమే, మర్నాడు ఎగుమతులు నిషేధించింది. అంచనాను 10.64 కోట్ల టన్నులకు దించింది ఆ తర్వాత. పంజాబ్, హరియాణాల్లో ముడుత గింజల పరిమితిని 6 శాతం నుంచి 18 శాతానికి సడలించి కొనాల్సి వచ్చింది.

మరి చేలోకి దిగే మనిషి ఎక్కడ? తెలంగాణలో 5,000 ఎకరాలకో వ్యవసాయ విస్తరణాధికారి అన్నది ఏర్పాటు. కాగితం మీద అది మంచి ఏర్పాటే. కానీ ఆ అధికారి రోజులో ఎక్కువ భాగం పథకాల నమోదులు, ఎరువుల లెక్కలు, కొనుగోళ్ల జాబితాలతోనే గడిచిపోతోంది. ఆంధ్రలో గ్రామస్థాయి కేంద్రాల సిబ్బందిదీ అదే కథ. ‘పొలం పిలుస్తోంది’ అని కార్యక్రమానికి పేరు పెట్టుకున్నాం. పిలుపు వినబడుతూనే ఉంది, వెళ్లడానికి తీరికే లేదు. 2008లో సోయాబీన్‌ను గొంగళిపురుగులు తినేశాక మహారాష్ట్ర మేలుకుంది. మరుసటి ఏడాది నుంచి ఎంచుకున్న చేలల్లో వారం వారం పురుగులు లెక్కపెట్టి, హద్దు దాటిన చోటికే రైతులకు సందేశాలు పంపడం మొదలుపెట్టింది. అది మనకు చేతకానిది కాదు.

బీమాకూ దీనికీ ముడి ఉంది. వరద వల్లో, సుదీర్ఘమైన బెట్ట వల్లో దిగుబడి సగానికన్నా తక్కువకు పడిపోయేలా ఉంటే, రావాల్సిన పరిహారంలో 25 శాతం వరకు ముందే చెల్లించాలని ఫసల్ బీమా నిబంధనల్లోనే ఉంది. అయితే సీజన్ మధ్యలో చేలు చూసి నమోదు చేసి ఉంటేనే ఆ నిబంధనకు ప్రాణం వస్తుంది. కోతకు పక్షం రోజుల ముందు కళ్లు తెరిస్తే గడువు దాటినట్టే.

అందుకే మేం అడుగుతున్నది చిన్న పని. పుష్య, మాఘ మాసాల్లో విస్తరణాధికారులకు వారానికి రెండు రోజులు మరే పనీ అప్పగించవద్దు. ఊరికి ఐదు చేలు ఎంచుకుని, ఒక్కో చేలో ఐదు చోట్ల మీటరు సాలు చొప్పున చూడమనండి. పొద్దున్నే వెళితే శనగాకు మీది పులుపు మంచు పాదాలకు అంటి చురుక్కుమంటుంది. రైతుకూలీలు రోజూ భరించేదే అది. బుట్టలో పడ్డ రెక్కల పురుగులెన్ని, సాలులో పిల్ల పురుగులెన్ని, పీకిన మొక్కకు వేరు ఎలా ఉంది అన్న మూడు సంగతులు ప్రతి సోమవారం గ్రామ కేంద్రం గోడ మీద రాయాలి. యూరియా నిల్వ వివరాలు రాసే బోర్డు పక్కన అందుకు కావలసినంత చోటుంది.