ఇక్కడ గోదారి తీసుకెళ్ళిపోదండీ, వెనక్కి తెచ్చి మన కాళ్ళ దగ్గరే పెడుతుంది

వారధి మీంచి గోదారిలో పూజ కవర్లు పారేసిన గొడవ పొద్దున్న జరిగింది, ఇప్పుడు రాత్రి తొమ్మిదైంది, ఇంకా నాకు చల్లారలేదు. అన్నం కూడా సరిగ్గా సహించలేదు. రాసేస్తే తప్ప నిద్ర పట్టేలా లేదు కాబట్టి రాస్తున్నా, పెద్దగానే వస్తుంది, ఓపికుంటే చదవండి.

యానాం-ఎదుర్లంక వారధి కిందకి, యానాం ఒడ్డు వైపు, తెల్లారుజామున ఐదింటికే దిగాను. కార్తీక పౌర్ణమి వెళ్ళి రెండు రోజులు, అంటే పోటు (సముద్రం నీళ్ళు ఏట్లోకి ఎక్కడం) మంచి బలంగా ఉండే రోజులు. అష్టమి నవమిలకి నీళ్ళు కదిలీ కదలనట్టు ఉంటాయి, అమావాస్య పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు మాత్రం గోదారి గోదారిలా ఉండదు, గాలం పట్టిన ప్రతివాడికీ తెలుసు ఈ లెక్క. పడమట చంద్రుడు ఇంకా దిగలేదు. పాటు (నీళ్ళు మళ్ళీ సముద్రంలోకి దిగిపోవడం) అయిపోయి నీళ్ళు నిలబడ్డాయి, అలా నిలబడ్డప్పుడు రాలిన ఆకు కూడా పడ్డచోటే ఉంటుంది, ఎటూ పోదు. కాసేపటికి సముద్రం వైపు నుంచి మెల్లగా నీళ్ళు ఎగదన్నడం మొదలవుతుంది. ఆ మొదటి గంట కోసమే మేం నిద్ర మానుకుని వచ్చేది. పండుగప్ప చేప ఎరని కొడితే ఆ గంటలోనే కొడుతుంది.

వారధి పిల్లర్ దగ్గరే ఎందుకు కూర్చుంటారు మీరు అని చాలామంది అడుగుతారు. నీళ్ళు పిల్లర్‌కి కొట్టుకుని రెండుగా చీలతాయి, పిల్లర్ వెనకాల మెత్తగా సుడి తిరుగుతూ ఉంటుంది. పండుగప్ప ఆ మెత్తటి నీళ్ళలో కష్టపడకుండా నిలబడి, పక్క నుంచి కొట్టుకొచ్చే రొయ్యనీ చిన్న పరిగెనీ లాక్కుని మళ్ళీ తన చోటికి వచ్చేస్తుంది. పాటు దిగేటప్పుడు పిల్లర్‌కి సముద్రం వైపు ఉంటుంది, పోటు ఎక్కేటప్పుడు ఇటు మారి రాజమండ్రి వైపు ఉంటుంది. రాత్రిపూట అయితే పైన లైట్లు పడి నీళ్ళ మీద వంతెన నీడ గీత గీసినట్టు కనపడుతుంది, వెలుగులోకి రొయ్యలు చేరతాయి, చేప మాత్రం నీడ అంచున కాచుకుని ఉంటుంది. ఇవన్నీ నాకు చెప్పింది మా మావయ్య. ఆయన వారధి లేని రోజుల్లో పంటు (ఏరు దాటించే పెద్ద పడవ) రేవు దగ్గర కూర్చుని గాలం వేసిన మనిషి.

సరే, ఆరు దాటింది. బతికున్న రొయ్యని కొమ్ము కింద జాగ్రత్తగా ముల్లుకి గుచ్చి (నల్లటి మచ్చ కనపడుతుంది చూడండి తలలో, దానికి తగిలితే రొయ్య చచ్చిపోతుంది, తగలకుండా గుచ్చాలి) పిల్లర్ పక్కన వదిలా. రెండో సారి వేసినప్పుడు తంగూసు (గాలం దారం) కొంచెం వదులైంది, తర్వాత ఒక్కసారిగా రాడ్ వంగిపోయింది. రీల్ గీర్‌మని తిరుగుతోంది. మూడు కిలోలకి తక్కువ ఉండదు, చేతికి తెలుస్తుంది కదా. ఒకసారి నీళ్ళ మీదకొచ్చి తల విదిలించింది, ఆ తెల్లారగట్ట వెలుగులో కళ్ళు ఎర్రగా నిప్పు కణికల్లా మెరిశాయి. నేను దాన్ని పిల్లర్‌కి దూరంగా తెచ్చుకుంటున్నా, ఎందుకంటే పిల్లర్‌కి నీళ్ళున్నంత మేరా గుల్లలు పట్టి ఉంటాయి, బ్లేడులే అవి, తంగూసు తగిలిందంటే అయిపోయినట్టే.

సరిగ్గా అప్పుడు పైన కారు ఆగింది. డోర్ చప్పుడైంది. నా తల మీద నుంచి ఒక కవరు, దాని వెనకాలే ఇంకోటి, దభీమని నీళ్ళలో. మొదటిది నేరుగా నా తంగూసు మీదే పడింది. బరువుకి తంగూసుని కిందకి లాగేసింది, పోటు ఆ కవర్ని తీసుకెళ్ళి పిల్లర్‌కి చుట్టింది, తంగూసు గుల్లలకి రాసుకుంది, తెగింది. అంతే.

చేప పోయినందుకు కాదు నా కోపం, పోయిన చేపలు బోలెడు. కానీ నోట్లో ముల్లుతో, వెనకాల తెగిన తంగూసుతో పోయింది అది. ఆ కాస్త నొప్పి నా వల్ల, ఆ కాస్త తంగూసు పైనుంచి కవరు పడేసినాయన వల్ల.

నేను కింద నుంచి అరిచా, "ఏవండీ, కింద మనుషులున్నారండీ, చూడక్కర్లేదా" అని. పైనుంచి ఒక పెద్దాయన, చక్కగా పంచె కట్టుకుని, నుదుట బొట్టు, రెయిలింగ్ మీద నుంచి వంగి నాతో అన్నమాట వినండి: "పూజ చేసిన సామాన్లు బాబూ, తొక్కకూడదు, గోదారి తల్లికి ఇచ్చేశాం. ఆవిడే తీసుకెళ్ళిపోతుంది." నేను కవర్లతో ఎందుకండీ అంటే, "పొద్దున్నే కూర్చుని జీవహింస చేసేవాడివి నువ్వా మాకు చెప్పేది" అని కారెక్కి వెళ్ళిపోయాడు.

ఆవిడే తీసుకెళ్ళిపోతుందట! అయ్యా, మీరు కవరు పడేసిన టైముకి నీళ్ళు సముద్రం వైపు పోవడం లేదు. పోటు ఎక్కుతోంది. మీరు సముద్రానికి పంపాననుకున్న రెండో కవరు నా కళ్ళ ముందే తేలుకుంటూ ఎగువకి పోయింది. సముద్రం ఇక్కడికి పది కిలోమీటర్లు అటూ ఇటూగా ఉంటుంది, రోజుకి రెండు సార్లు అది లోపలికొస్తుంది, రెండు సార్లు వెనక్కి పోతుంది. దాదాపు ఆరు గంటలు ఇటు, ఆరు గంటలు అటు. ధవళేశ్వరం ఆనకట్టకి పైన గోదారి వేరు, అక్కడ నీళ్ళు ఒకవైపే పోతాయి, పడేసింది కిందకి కొట్టుకుపోతుంది (ఎక్కడికి పోతుందో చెప్పనా? మా దగ్గరికి). ఇక్కడ అలా కాదు. వరదల్లో తప్ప మిగతా రోజుల్లో ఇక్కడ పడేసిన కవరు కిందకి పోయి, పైకొచ్చి, మళ్ళీ కిందకి పోయి, అలా రోజుల తరబడి తిరిగి తిరిగి ఎక్కడ నీళ్ళు మెత్తబడతాయో అక్కడ ఆగుతుంది. ఎక్కడ మెత్తబడతాయి? పిల్లర్ వెనకాల. అంటే చేప ఉండేచోట. లేకపోతే ఒడ్డున, కోరంగి వైపు మడ చెట్ల వేళ్ళలో. మడ అడవికి వెళ్ళి చూడండి, వేళ్ళకి కవర్లు వేలాడుతూ ఉంటాయి.

మొదటి కవర్ని పిల్లర్ దగ్గర నుంచి ఇంకో ముల్లు వేసి లాక్కొచ్చి విప్పి చూశాను. ఎండిపోయిన బంతిపూలు, సరే. తమలపాకులు, సరే. అవి మట్టిలో కలిసిపోయేవే. వాటితో పాటు అగరొత్తుల అట్టపెట్టెలు నాలుగు, కర్పూరం ప్లాస్టిక్ డబ్బాలు, థర్మాకోల్ ప్లేట్లు రెండు, నూనె సీసా, జరీ అంచు నైలాన్ గుడ్డ, ఇంకా అడుగున లక్ష్మీదేవి పటం, ఫ్రేము విరిగి, గాజు మూడు ముక్కలై. అమ్మవారి ముఖం మీద చీలిక. తొక్కకూడదు అని కదా మీ బాధ. మరి నీళ్ళలో పడ్డాక ఎవరూ తొక్కరనా?

తొక్కారు. పోయిన నెల్లోనే తొక్కారు. ఇక్కడ పాటులో నడుం లోతు నీళ్ళలో దిగి వల లాగే ఒకాయన ఉన్నాడు, నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు, ఆయన అరికాల్లో ఇలాంటి పటం గాజే దిగింది. ఐదు కుట్లు. ఆయనది నాలాగ ఆదివారం సరదా కాదు, ఆయన ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆయన నీళ్ళలో దిగాలి. పదిహేను రోజులు మంచం మీద కూర్చున్నాడు. చూడ్డానికి వెళ్తే నాతో ఏమన్నాడో తెలుసా, "దేవుడి పటం కదండీ, తప్పు నాదేనేమో, చూసుకోకుండా కాలేశాను" అన్నాడు. నాకు గొంతులోంచి మాట రాలేదు. గాజు పారేసినోడికి పుణ్యం, తొక్కినోడికి తప్పు అనే భయం. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ రక్తం ఉడుకుతుంది నాకు.

ఇంక జీవహింస సంగతి. ఇది నన్ను బాగా పొడిచింది, దాచుకోను. కార్తీకమాసంలో మీరు తినరు, మంచిది, మీ నియమం మీది. కానీ మేమేం చేస్తున్నామో తెలుసుకుని మాట్లాడాలి కదా. పండుగప్ప చిన్నప్పుడు మగదిగా ఉంటుంది, కొన్నేళ్ళకి పెద్దదయ్యాక ఆడదిగా మారుతుంది, ఉప్పు నీళ్ళలోకి వెళ్ళి గుడ్లు పెడుతుంది, పిల్లలు మళ్ళీ ఈ ఏటి నీళ్ళలోకి ఎక్కొస్తాయి. అందుకే బాగా పెద్దది పడితే అది తల్లే అనుకుని ముల్లు తీసి వదిలేస్తా. మా బావ దీని మీద నాతో ఎన్నిసార్లు గొడవ పెట్టుకున్నాడో, పండక్కి ఇంటికొచ్చినప్పుడల్లా అదే మాట, "ఎనిమిది కిలోల చేపని వదిలేశావట్రా" అని, ఐదేళ్ళయినా మర్చిపోడు. మర్చిపోకపోతే పోనీ. నేను తీసుకెళ్ళేది ఇంట్లో ఒక పూటకి సరిపోయేది. మీరు పడేసిన కవరు ఎన్నింటిని చంపుతుందో ఎవరైనా లెక్కపెట్టారా?

అసలు ఇలా మాట పడడం నాకు కొత్త కాదు. రెండేళ్ళ కిందట ఊళ్ళో రేవు మెట్ల దగ్గర మేం పది పన్నెండు మందిమి సాయంత్రాలు గాలాలు వేసుకునేవాళ్ళం, ఎవరికీ అడ్డం లేకుండా, చివరి నాలుగు మెట్ల మీద. వాకింగ్‌కి వచ్చేవాళ్ళు కంప్లైంట్ పెట్టారు, రొయ్య వాసన వస్తోందని, చూడ్డానికి బాగోలేదని. ఒక ఆఫీసు నుంచి మనిషొచ్చి గొలుసు కట్టి వెళ్ళాడు. మేం వెళ్ళి అడిగితే "పెద్దవాళ్ళు నడుస్తారండీ, అర్థం చేసుకోండి" అన్నారు. మేం అర్థం చేసుకున్నాం, లేచి ఇటొచ్చేశాం. మేం ఉన్నప్పుడు ఆ మెట్ల దగ్గర తెగిన తంగూసు ముక్క కూడా ఉండేది కాదు, పక్షుల కాళ్ళకి చుట్టుకుంటుందని మాలో కుర్రాళ్ళే ఏరి డబ్బాలో వేసేవాళ్ళు. ఇప్పుడు వెళ్ళి చూడండి ఆ గొలుసు అవతల ఏముందో. నీళ్ళ సీసాలు, ఐస్‌క్రీమ్ కప్పులు, అరటి దొప్ప బదులు థర్మాకోల్‌లో వదిలిన దీపాలు. నదిని రోజూ చూసేవాడినీ, నదితో తినేవాడినీ పక్కకి తోసేస్తే ఇక దాని గురించి అడిగేవాడు ఎవడుంటాడు? ఆ గొలుసు కట్టిన రోజు నేను గట్టిగా మాట్లాడాల్సింది, మాట్లాడలేదు. అందుకే ఇవాళ ఇంత మండుతోంది.

భక్తి మీద నాకేం కోపం లేదు, మా అమ్మ ఇవాళ పొద్దున్న కూడా తులసి దగ్గర దీపం పెట్టింది. ఆవిడ పూజ పూలు పెరట్లో జామచెట్టు మొదట్లో వేస్తుంది, నలభై ఏళ్ళుగా అక్కడే. పాత పటం అయితే గాజు విడిగా తీసి, కాగితం మడిచి, ఆ చెట్టు కిందే గొయ్యి తీసి పెట్టిస్తుంది నాతో. ఎవరూ తొక్కలేదు ఇంతవరకూ. వారధి మీద కారాపి పడేసేవాళ్ళకి ఇంటి దగ్గర ఒక చెట్టు దొరకదా?

సాయంత్రం మళ్ళీ వెళ్ళా. గాలం పట్టుకెళ్ళలేదు, ఊరికే మనసాగక. నాలుగున్నర అయింది, పాటు బాగా తీసేసింది, ఒడ్డున బురద బయటపడింది. వారధికి కాస్త ఎగువన, ఆ బురదలో, అదే పసుపు రంగు స్వీట్ షాపు కవరు, మూతి దగ్గర అదే ఎర్ర దారం ముడి. పొద్దున్న పైకి పోయిన రెండోది. పది గంటలు షికారు చేసి వెనక్కొచ్చింది.

చెప్పులు చేత్తో పట్టుకుని మోకాలి లోతు బురదలో దిగి తెచ్చాను. పైన కుంకుమ పొట్లాలు, ఎండిన మామిడాకుల తోరణం. అడుగున తడిసి ముద్దయిన శుభలేఖలు, వినాయకుడి బొమ్మ ఉంటుంది కదా, చెత్తలో వేయడానికి చేతులు రాక ఇందులో వేసి ఉంటారు. ఒకటి బాగానే ఉంది, అక్షరాలు చెరగలేదు. ఇంటి పేరు, ఊరు, ఫోన్ నంబరు అన్నీ ఉన్నాయి. ఇక్కడ పెట్టను, అడగొద్దు. కిటికీ దగ్గర ఆరబెట్టాను. రేపు పొద్దున్న పది దాటాక ఫోన్ చేసి, మీ కవరు వచ్చేసిందండీ, ఎక్కడికి తెచ్చివ్వమంటారు అని అడుగుతా.