2032 అని రాసిచ్చి 2025కే ఎత్తేస్తారా?

ఇంటికి ఇన్సులేషన్ (వేడి, చలి దాటకుండా ఆపే పొర) వేయించుకోండి, ఇల్లు వెచ్చబెట్టే పాత ఫర్నేస్ తీసేసి హీట్ పంప్ (కరెంటుతో ఇంటిని వెచ్చగానూ చల్లగానూ ఉంచే మెషీన్) పెట్టించుకోండి, ఖర్చులో 30 శాతం ట్యాక్స్ క్రెడిట్‌గా, అంటే మీరు కట్టాల్సిన ఇన్‌కమ్ ట్యాక్స్‌లో తగ్గించి ఇస్తాం, 2032 చివరిదాకా ఇదే మాట అని 2022లో అమెరికా ప్రభుత్వం చట్టం చేసి మరీ చెప్పింది. మూడేళ్లు తిరక్కుండానే, 2025 జూలై 4న సంతకమైన కొత్త చట్టం ఆ మాటని తుడిచేసింది. 2025 డిసెంబర్ 31 దాటాక పూర్తయిన పనికి పైసా రాదు. ఏడేళ్ల గడువుని ఆర్నెల్లలోపు నోటీసుతో కోసేశారు.

ఎత్తేయడం సరైందే అనేవాళ్లు ఈ క్రెడిట్ ఖజానాకి భారం అంటున్నారు, డబ్బున్నోళ్లకే లాభం అంటున్నారు. రెండో దాంట్లో నిజముంది, కట్టాల్సిన ట్యాక్సే లేని కుటుంబానికి ఈ క్రెడిట్‌తో ఒరిగిందేం లేదు. అలాంటప్పుడు వాళ్లకీ అందేలా మార్చాలి గానీ, మొత్తానికే పీకేస్తే పేదోడికి ఏమొచ్చింది?

మా కోపం అసలు మాట తప్పిన తీరు మీద. ఈ క్రెడిట్‌కి ఏడాదికి 1,200 డాలర్ల లిమిట్ పెట్టారు, అందులో కిటికీలకి 600 దాటేది కాదు, హీట్ పంప్‌కైతే విడిగా 2,000. ఏ ఏడాది లిమిట్ ఆ ఏడాదిదే, వాడుకోనిది తర్వాతి ఏడాదికి వచ్చేది కాదు. అంటే అన్నీ ఒకేసారి చేయించుకోకండి, ఏడాదికొకటి చేయించుకోండి అని చెప్పింది చట్టమే కదా. పనివాళ్లు చెప్పేదీ అదే, ముందు అటకలో ఇన్సులేషన్ వేసి గాలి పోయే సందులు మూస్తే తర్వాత చిన్న సైజు హీట్ పంప్ సరిపోతుంది, బిల్లూ తగ్గుతుంది. సరేనని నమ్మి మొదటి ఏడాది అటక, రెండో ఏడాది కిటికీలు చేయించుకుని, అన్నిట్లోకీ ఖరీదైన హీట్ పంప్‌ని చివరికి ఉంచుకున్న కుటుంబం ఇవాళ నడిమధ్యలో నిలబడింది, చట్టం చెప్పినట్టు విన్నందుకు!

2023 రిటర్నుల్లో దాదాపు 23 లక్షల కుటుంబాలు దీన్ని వాడుకున్నాయి. ఇంకో పాతికేళ్లు ఉండే ఇంటికి పెట్టే ఖర్చు ఇది, ప్రభుత్వం మాట మూడేళ్లు కూడా నిలవకపోతే ఎవడు అప్పు చేసి పెడతాడు?

పైగా ఇది కొత్త రోగం కాదు. 2005 చట్టంతో పుట్టిన ఈ క్రెడిట్ 2007 చివర్లో ఆగింది, 2008లో లేదు, 2009లో మళ్లీ వచ్చింది, 2011 నుంచి జీవితకాలానికి 500 డాలర్లకి కుదించారు. ఈ ఊగిసలాట ఆపడానికే కదా 2022లో పదేళ్ల గడువు పెట్టింది. ఆ పదేళ్లే ఉత్తిదైనప్పుడు రేపు ఇంకో ప్రభుత్వం ఇరవై ఏళ్లని రాసిచ్చినా జనం ఎందుకు నమ్మాలి?

అదే కొత్త చట్టంలో 2017 నాటి ఇన్‌కమ్ ట్యాక్స్ రేట్ల తగ్గింపుని మాత్రం పర్మనెంట్ చేశారు. అక్కడ ఖజానా భారం గుర్తు రాలేదు, అటకలో ఇన్సులేషన్ దగ్గరే గుర్తొచ్చింది.

అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యులు కనీసం సగం పని చేయించుకుని ఆగిపోయిన కుటుంబాలకైనా పాత గడువు పునరుద్ధరించాలి. అది కూడా చేతకాకపోతే ఇకమీదట చట్టాల్లో గడువు తేదీలు రాయడం మానేయండి, జనం వాటిని నమ్మి సొంత డబ్బు ఖర్చు పెడుతున్నారు.