పిలిచే పేరుకూ రికార్డులో చోటివ్వాలి

కాలేజీ అప్లికేషన్‌లో పేరు గడిని చాలామంది ఆలోచించకుండానే నింపేస్తారు. కొందరు విద్యార్థులు మాత్రం అక్కడే ఆగిపోతారు. పుట్టినప్పుడు పెట్టిన పేరును వదులుకున్న ట్రాన్స్‌జెండర్ విద్యార్థులు వారిలో ఉన్నారు. చిన్నప్పటి నుంచీ మరో పేరుతోనే అందరికీ తెలిసినవారూ ఉన్నారు. సర్టిఫికెట్‌లోని పేరు రాస్తే అది తమది అనిపించదు, పిలిచే పేరు రాస్తే అప్లికేషన్ తిరస్కరిస్తారేమోనన్న టెన్షన్. ఈ రెండు పేర్లకూ రికార్డుల్లో వేర్వేరు గడులు ఉండాలన్నది మా అభిప్రాయం.

ఇది ఎక్కడా లేని కోరికేమీ కాదు. అమెరికాలోని వెర్మాంట్ విశ్వవిద్యాలయం 2009లోనే విద్యార్థులు ఎంచుకున్న పేరును తన కంప్యూటర్ రికార్డుల్లో చేర్చే ఏర్పాటు చేసింది. అక్కడ వందలాది కాలేజీలకు ఒకే దరఖాస్తుగా పనికొచ్చే కామన్ యాప్‌లో 2021-22 నుంచి పిలిచే పేరు చెప్పే వీలుంది. కాలిఫోర్నియా 2021లో చేసిన చట్టం ప్రకారం, ప్రభుత్వ కాలేజీల్లో 2023-24 నుంచి పట్టా పొందేవారు కోర్టు కాగితాలు చూపకుండానే డిప్లొమాపై తమకు నచ్చిన పేరు వేయించుకోవచ్చు. భారత సుప్రీంకోర్టు కూడా 2021 జూన్‌లో సీబీఎస్‌ఈ కేసులో, పేరు భావప్రకటన స్వేచ్ఛలో భాగమేనంటూ సర్టిఫికెట్లలో పేరు మార్పుపై బోర్డు పెట్టిన మితిమీరిన ఆంక్షలను తప్పుపట్టింది.

అయితే ఫారంలో గడి పెట్టేసి చేతులు దులుపుకుంటే అసలు చిక్కు అలాగే ఉంటుంది. పోర్టల్‌లో మారిన పేరు హాజరు పట్టీకి చేరదు. మొదటి రోజు క్లాసులో లెక్చరర్ పాత పేరే చదువుతారు. అప్పుడు ఆ విద్యార్థి ‘ప్రెజెంట్’ అని అందరి ముందూ బయటపడాలా, నోరు మూసుకుని ఆబ్సెంట్ వేయించుకోవాలా? లైబ్రరీ కార్డు, ల్యాబ్ లాగిన్, ఆన్‌లైన్ క్లాసులో ఫొటో కింద కనిపించే పేరు, ఇవన్నీ ఒక్కో సాఫ్ట్‌వేర్ నుంచి వస్తాయి. ఈమెయిల్ ఐడీ అయితే అడ్మిషన్ నాడే పాత పేరుతో తయారైపోతుంది. తర్వాత మార్చమని అడిగితే కుదరదంటారు. ఒక చోట మార్చి పదిచోట్ల వదిలేస్తే ఆ విద్యార్థి ప్రతి కౌంటర్ దగ్గరా తన కథంతా మొదటి నుంచీ చెప్పుకోవాలి.

దీనికి మరో వైపూ ఉంది. కొత్త పేరు సంగతి ఇంకా ఇంట్లో చెప్పని విద్యార్థి ఉంటారు. ఫీజు రసీదో మార్కుల మెమోనో ఆ పేరుతో ఇంటికి వెళ్తే జరిగే నష్టాన్ని ఏ రిజిస్ట్రార్ కార్యాలయమూ పూడ్చలేదు. ఇంటికి పంపే ఉత్తరాల్లో ఏ పేరు ఉండాలో విద్యార్థినే అడగాలి.

రికార్డుల్లో రెండు పేర్లుంటే మోసాలకు దారి తీస్తుందన్న భయాన్ని మేము తేలిగ్గా తీసుకోవడం లేదు. కానీ కాలేజీ విద్యార్థిని గుర్తించేది రోల్ నంబరుతో. చట్టబద్ధమైన పేరు రికార్డులో భద్రంగానే ఉంటుంది. వీసా పత్రాలు, ప్రభుత్వ ఆర్థిక సాయం వంటి వాటికి దాన్నే వాడాలి, అక్కడ తేడా వస్తే నష్టపోయేది విద్యార్థే. ఇక అడ్మిషన్ దశలో సిఫారసు లేఖలో ఒక పేరు, మార్కుల జాబితాలో మరో పేరు కనిపిస్తే ఫైలు పక్కన పడేయకుండా పుట్టిన తేదీ సరిచూసి, విద్యార్థికి ఒక్క ఫోన్ చేస్తే సరిపోతుంది.

అమెరికాలో 129 మంది ట్రాన్స్‌జెండర్ యువతపై జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, ఎంచుకున్న పేరు వాడుకోగలిగిన చోట్లు పెరిగే కొద్దీ కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు తక్కువగా కనిపించాయి. చిన్న అధ్యయనమే అయినా, పిల్లల ప్రాణాలతో ముడిపడిన విషయాన్ని సాఫ్ట్‌వేర్ సాకుతో వాయిదా వేయడం మాకు సమ్మతం కాదు. వచ్చే అడ్మిషన్లలోగా కాలేజీలు తమ జాబితాల్లో ఏవి ఏ పేరును చూపిస్తున్నాయో ఒక్కొక్కటిగా తనిఖీ చేయాలి. చట్టబద్ధమైన పేరు తప్పనిసరి కాని ప్రతిచోటా దాన్ని తీసేయాలి. మార్పు కోరే విద్యార్థి ఒకే ఒక్క ఫారం నింపితే చాలాలి, కారణం రాయమని అందులో అడగకూడదు.