ప్రాక్సీ పెట్టుకుంటే ప్రైవసీ వచ్చేయదు

బ్రౌజర్ సెట్టింగ్స్‌లో ప్రాక్సీ (మనకూ సైట్‌కూ మధ్య నిలబడే సర్వర్) అడ్రస్, పోర్ట్ నంబర్ కొడితే ఇక మనల్ని ఎవరూ చూడలేరన్న సలహా జోరుగా తిరుగుతోంది. ఇన్‌కాగ్నిటో (హిస్టరీ సేవ్ చేయని బ్రౌజర్ విండో) మన ఐపీని, అంటే ఇంటర్నెట్‌లో మన కనెక్షన్ చిరునామాను, దాచదని చాలామందికి అర్థమైంది కాబట్టి, ఆశ ఇప్పుడు ప్రాక్సీ మీదికి మళ్లింది. ఇది సగం నిజం. దాన్ని పూర్తిగా నమ్మినవాళ్లే ఎక్కువ నష్టపోతారు.

ప్రాక్సీ సైట్‌కు మన ఐపీ బదులు తన ఐపీ చూపిస్తుంది, అంతే. నిఘా పోదు, ఇంకో కన్ను చేరుతుంది. నిన్నటిదాకా ఇంటర్నెట్ కంపెనీ చూసినదాన్ని ఇక ప్రాక్సీ నడిపేవాడూ చూస్తాడు. సమాచారాన్ని గుప్తంగా పంపే హెచ్‌టీటీపీఎస్ సైట్‌కు ఉంటే మనం ఏ సైట్‌కు వెళ్లామో వాడికి తెలుస్తుంది, ఏం చదివామో తెలియదు. అది లేని సైట్ అయితే పాస్‌వర్డ్‌తో సహా అన్నీ వాడి కళ్లముందే. ముక్కూమొహం తెలియనివాడి ఉచిత ప్రాక్సీ వాడటమంటే ఇంటికి తాళం వేసి, తాళంచెవి దారినపోయేవాడికి ఇవ్వడమే.

సెట్టింగ్ సరిగ్గా పెట్టడమూ తేలిక కాదు. ఫైర్‌ఫాక్స్‌లో సాక్స్5 అనే ప్రాక్సీ రకం ఎంచుకున్నా, డీఎన్‌ఎస్‌ను (సైట్ పేరుకు ఐపీ వెతికిపెట్టే వ్యవస్థ) కూడా ప్రాక్సీ ద్వారా పంపే టిక్ లేకపోతే ఏ సైట్ పేరు వెతికామో బయటికి పొక్కిపోవచ్చు. క్రోమ్ అయితే నేరుగా కంప్యూటర్ సెట్టింగ్స్‌కు పంపిస్తుంది. అక్కడ మార్చింది మిగతా ప్రోగ్రాములకూ తగులుతుంది. వీడియో కాల్స్ కోసం వాడే వెబ్‌ఆర్‌టీసీ అసలు ఐపీని బయటపెట్టే ప్రమాదం వేరే ఉంది. ఇన్ని దాటాక మెయిల్‌లో లాగిన్ అయ్యామా, పేరు మనమే చెప్పేసినట్టు!

సెన్సార్‌షిప్ ఉన్నచోట వార్త చదవడానికి ప్రాక్సీయే దారి అంటారు. నిజమే, కాదనను. కానీ అడ్డుగోడ దాటడం వేరు, ఆనవాలు లేకుండా ఉండటం వేరు. రెండోది కావాలంటే టోర్ బ్రౌజర్ ఉంది. ట్రాఫిక్‌ను మూడు రిలేల (మధ్యవర్తి సర్వర్ల) మీదుగా పంపుతుంది. మనమెవరో, ఎక్కడికి వెళ్తున్నామో రెండూ ఏ ఒక్క రిలేకీ తెలియవు. ముఖ్యంగా, వాడేవాళ్లు ప్రాక్సీ సెట్టింగ్‌ను ముట్టుకోనక్కర్లేదు.

అసలు గొడవ ఇక్కడే ఉంది. ప్రైవసీని సెట్టింగ్స్ మూలన పెట్టి, వెతుక్కోలేనివాళ్లదే తప్పనడం అన్యాయం. ముందే ఆన్ చేసి ఇస్తే ఏమవుతుందో చూశాం. ఫైర్‌ఫాక్స్ 2019లో ట్రాకింగ్ కుకీలను (మన వెంటపడటానికి బ్రౌజర్‌లో పెట్టే చిన్న ఫైళ్లను), సఫారీ 2020లో థర్డ్ పార్టీ (మనం తెరిచిన సైట్‌వి కాని) కుకీలన్నింటినీ డిఫాల్ట్‌గానే ఆపాయి. పోర్ట్ నంబరంటే ఏమిటో తెలియనివాళ్లకూ ఆ రక్షణ దక్కింది. క్రోమ్‌లోనూ ఆ కుకీలను ఎత్తేస్తామని 2020లో మాటిచ్చిన గూగుల్ 2024లో వెనక్కి తగ్గింది. వాడేవాళ్లకు ప్రాక్సీ పాఠాలు చెప్పే టెక్ నిపుణులు ముందు ఆ కంపెనీని నిలదీయాలి.