ఆయాసానికి టిక్కు పెట్టాక?

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?" అని ఆశా కార్యకర్త అడిగితే, కొండపి, కందుకూరు పల్లెల్లో చాలామంది ఆడవాళ్లు "లేదమ్మా" అంటారు. అబద్ధమేం కాదు, మెట్లెక్కడం ఎప్పుడో మానేశారు. ఒకప్పుడు రెండు బిందెలు మోసిన మనిషి ఒక బిందెకు దిగింది, ఇప్పుడు అదీ కోడలే తెస్తోంది. వయసైపోయిందిలే అనుకుంటుంది. ఏళ్ల తరబడి ఊదిన కట్టెల పొయ్యి, పొగాకు సీజన్లో మంట ఆరకుండా బ్యారన్‌లోకి (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) రాత్రంతా మొద్దులు తోసిన పని ఆమె లెక్కలోకి రావు.

ఇలా గాలిగొట్టాలు మెల్లగా దెబ్బతిని, ఊపిరి ఆడకుండా చేసే జబ్బు సీఓపీడీ. అది బీడీ తాగే మగవాళ్ల జబ్బని మనకో అపోహ. ఏ పొగైనా, దుమ్మైనా గాలిగొట్టాలను పాడు చేస్తుంది. 2016 నాటికి దేశంలో 5.5 కోట్ల మందికి ఈ జబ్బు ఉందని అంచనా.

దీన్ని తేల్చేది స్పైరోమెట్రీ అనే ఊపిరి పరీక్ష. గాలిగొట్టాలు తెరుచుకునే మందు పీల్చాక గట్టిగా ఊదమంటారు. మొదటి సెకనులో వచ్చిన గాలి మొత్తం గాలిలో 70 శాతం కంటే తక్కువుంటే జబ్బున్నట్టే. పక్కన నిలబడి "ఊదు, ఊదు, ఇంకా ఊదు" అని తరిమే టెక్నీషియన్ లేకపోతే ఆ అంకెకు విలువ లేదు. ఉదయగిరి నుంచి ఈ పరీక్ష కోసం నెల్లూరు పెద్దాసుపత్రికి రావాలంటే దాదాపు వంద కిలోమీటర్లు. రోగి కూలీ పోతుంది, తోడొచ్చినవాళ్ల కూలీ పోతుంది. అంతకంటే ఊళ్లోనే నెబ్యులైజర్ పెట్టించుకుని, "ఉబ్బసం" అన్న మాటతో ఇంటికి పోవడం నయమనిపిస్తుంది.

చిత్రమేమిటంటే అడగాల్సిన ప్రశ్నలు ఆశా ఇంటింటికీ తిరిగి నింపే సీబ్యాక్ అనే ఆరోగ్య ప్రశ్నల ఫారంలోనే ఉన్నాయి: వంటకు కట్టెలా, పిడకలా, గ్యాసా? ఇటుక బట్టీలో చేశారా? ముప్పై దాటిన అందరినీ అడగాలి, రాయాలి. బీపీ తేలితే మాత్ర ఉంది, షుగరు తేలినా ఉంది. ఆయాసానికి టిక్కు పెడితే ఆ కాగితం అక్కడే ఆగుతుంది.

సీఓపీడీ ఉండొచ్చనిపించేవాళ్లను తేలిగ్గా పట్టడంపై నేపాల్, పెరూ, ఉగాండాల్లో పదివేల మందికి పైగా జనంతో చేసిన అధ్యయనం 2022లో వెలువడింది. కొన్ని ప్రశ్నలు, పీక్‌ఫ్లో మీటర్ అనే ప్లాస్టిక్ గొట్టంలో ఊదించడం, మనిషికి సగటున ఎనిమిది నిమిషాల లోపు పని. ఆ గొట్టానికి కరెంటు అక్కర్లేదు. జబ్బును అది ఖాయం చేయలేదు, ఎవరిని స్పైరోమెట్రీకి పంపాలో మాత్రం చెబుతుంది. ఊరందరినీ వరసలో నిలబెట్టమని మేమనడం లేదు. ఏ ఇబ్బందీ లేనివాళ్లకు ఈ పరీక్ష దండగ. దగ్గు, ఆయాసం ఉన్నవాళ్లకు, పొగలో బతికినవాళ్లకు చేస్తే చాలు. మార్కాపురం పలకల పనివాళ్లకు, చీమకుర్తి క్వారీ కూలీలకు ఎక్స్‌రే కూడా తీయాలి. రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ టీబీలా కనిపించి ఏమారుస్తుంది.

స్పైరోమీటర్‌ను, ఊదించడం తెలిసిన మనిషిని నెలకో రోజు 104 వాహనంలో మండల కేంద్రానికి పంపవచ్చు. అక్కడి ఫార్మసీలో ఇన్‌హేలర్ నెలనెలా ఉండాలి, లేదంటే జబ్బు పేరు చెప్పి ఉత్త చేతులతో పంపినట్టే. వచ్చే సీజన్లో బ్యారన్లకు నిప్పు పెట్టేలోపు ఈ ఏర్పాటు ఒక్క మండలంలోనైనా మొదలవ్వాలి.