కుజులవారికి అనంతపురం నుంచి ఒక ఉత్తరం

మహారాజశ్రీ అంగారక గ్రహం వారికి అనంతపురం నుంచి తమరి పొరుగువాడు నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేమంతా క్షేమం. తమరు కూడా క్షేమంగానే ఉన్నారని మా వాళ్లు పంపిన యంత్రాల ద్వారా ఎప్పటికప్పుడు తెలుసుకుంటూనే ఉన్నాము.

ఇంతవరకు తమరి గడప తొక్కినవి యంత్రాలు మాత్రమే. ఇకమీదట మనుషులే వస్తారని, వచ్చి ఊరికే చూసిపోకుండా అక్కడే ఇళ్లు కట్టుకొని కాపురాలు పెడతారని, భూమి పాడైపోతే మానవజాతికి తమరే రెండో ఇల్లని కొందరు ధనవంతులు గట్టిగా చెబుతున్నారు. పురాణాల ప్రకారం తమరు భూదేవి కుమారులు కాబట్టి, తల్లి ఇంటిని తగలబెట్టినవాళ్లు మూటాముల్లె సర్దుకొని కొడుకు ఇంటికి బయలుదేరడంలో వరస తప్పిందని అనలేము. అయితే వాళ్లు చూపిస్తున్న తమరి బొమ్మలు చూసినప్పటి నుంచి మాకు ఒక సందేహం పట్టుకుంది. ఎర్రటి నేల, చెట్టు లేని గుట్టలు, ఎవరో విసిరేసినట్టు పడివున్న గుండ్లు, మధ్యాహ్నానికి లేచే సుడిగాలి, గాలికి కదిలిపోయే ఇసుక దిబ్బలు. వీటి కోసం అతి దగ్గరగా వచ్చినప్పుడు కూడా ఐదున్నర కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండే చోటికి పోవడం ఎందుకు, కణేకల్లు దాకా బస్సులో వస్తే చాలదా అన్నదే ఆ సందేహం. అక్కడ హగరి ఏటి ఒడ్డున ఇసుక పొలాల మీదికి ఏటేటా జరుగుతూనే ఉంది. టికెట్టు కూడా తక్కువ.

2021 ఫిబ్రవరి 18న పర్సెవరెన్స్ అనే రోవర్, అంటే చక్రాల మీద తిరిగే యంత్రం, జెజెరో అనే పెద్ద గుంటలో దిగింది. దాదాపు 350 కోట్ల ఏళ్ల కిందట అక్కడ ఒక ఏరు పారి, ఒక చెరువులో కలిసేదన్న గుర్తులున్నాయని ఆ చోటును ఎంచుకున్నారు. ఎండిన ఏటి గుర్తులు చూసి పెద్ద చదువులు చదివినవాళ్లు చప్పట్లు కొట్టడం మాకు కొత్త. మా చిత్రావతిని, మా పెన్నను వేసవిలో చూసి ఇంతవరకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వానతో శెనక్కాయ వేసి, ఆ వాన కూడా ఊడలు దిగే సమయానికి ముఖం చాటేస్తే పశువులను సంతకు తోలే జిల్లా మాది. తమరి దగ్గర వాన పడి వందల కోట్ల ఏళ్లయింది. కరువు విషయంలో ఎవరికీ తీసిపోమని మాకు కొంత గర్వం ఉండేది, తమరి సంగతి తెలిశాక అది కూడా పోయింది.

కాలువల విషయంలో మాత్రం తమరు అదృష్టవంతులు. 1877లో ఇటలీలో స్కియాపరెల్లి అనే శాస్త్రజ్ఞుడు దుర్భిణిలోంచి చూసి తమరి ఒంటి మీద గీతలు గీశాడు. తరువాత అమెరికాలో పర్సివల్ లోవెల్ అనే సంపన్నుడు 1894లో ప్రత్యేకంగా ఒక వేధశాల కట్టించుకొని, అవి ధ్రువాల మంచును కరిగించి ఎండిన నేలలకు పారించడానికి అక్కడి తెలివైన జీవులు తవ్వుకున్న కాలువలని పుస్తకాలు రాశాడు. టెండరు లేదు, భూసేకరణ లేదు, ఒక్క రైతూ కోర్టుకు పోలేదు, కాగితం మీద వేల మైళ్ల కాలువలు పూర్తయ్యాయి. శ్రీశైలం నీటిని మల్యాల దగ్గర ఎత్తి, హంద్రీ–నీవా కాలువలో మా దాకా తెచ్చుకునేలోపు మాలో ఒక తరానికి జుట్టు నెరిసింది. చివరికి 1965లో మారినర్–4 అనే యంత్రం తమరి పక్కగా పోతూ ఫొటోలు తీస్తే కాలువలు లేవు, గుంతలున్నాయి. ప్రాజెక్టు కాలువ కోసం పోయి గుంతలు చూసి తిరిగి రావడంలో మాకు అనుభవముంది గనుక ఈ విషయంలో తమరిని తప్పుపట్టము.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి బోర్ల సంగతి కూడా విన్నవిస్తాను. మా దగ్గర బోరు వేయించే రైతు ముందు నీళ్లు చూసేవాడిని పిలిపిస్తాడు. ఆయన తెల్లవారకముందే వచ్చి, అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకొని, పొలం గట్టు నుంచి వేప చెట్టు దాకా, చెట్టు నుంచి పాత బోరు దాకా మెల్లగా నడుస్తాడు. వెనుక రైతు, రైతు వెనుక అతని భార్య, ఆమె వెనుక అప్పిచ్చినవాడు ఊపిరి బిగబట్టి నడుస్తారు. టెంకాయ నిటారుగా లేచిన చోట సున్నంతో గుర్తు పెడతారు, సాయంత్రానికి బోరు లారీ వస్తుంది, వెయ్యి అడుగులు పోయినా తెల్లటి దుమ్మే పడుతుంది. ఇది మూఢనమ్మకమని మమ్మల్ని చూసి నవ్వేవాళ్లకు ఒక మాట చెప్పాలి. 2018 నవంబరులో తమరి మీద దిగిన ఇన్‌సైట్ అనే యంత్రం, నీళ్ల కోసం కాదు, తమరి ఒంట్లో వేడి చూడటానికి 16 అడుగుల లోతుకు ఒక మేకు దించాలనుకుంది. టెంకాయ వాడకుండా, పూర్తిగా శాస్త్రం ప్రకారమే చోటు చూశారు. దాదాపు రెండేళ్లు తంటాలుపడినా తమరి నేల పట్టు ఇవ్వకపోవడంతో ఆ మేకు తన నిడివి మేరకు మాత్రమే దిగింది, 2021 జనవరిలో ఇక చాలని వదిలేశారు. లారీకి అడుగుల లెక్కన బిల్లు కట్టే బాధ లేదు కాబట్టి వాళ్లు ఆత్మహత్యల దాకా పోలేదు.

తమరి దగ్గర నీళ్లే లేవని నేను అనడం లేదు. 2008లో ఫీనిక్స్ అనే యంత్రం ఉత్తరపు మైదానంలో కొద్ది సెంటీమీటర్ల లోతులోనే మంచును చూసింది. ఆ మంచును కరిగిస్తే గాలి ఒత్తిడి మా దగ్గరి దాంట్లో నూరో వంతు కూడా లేని చోట ఆ నీరు నిలవదు, ఆవిరైపోతుంది. అదే యంత్రం మట్టిని పరీక్షించి అందులో పెర్‌క్లోరేట్ అనే లవణాలు ఉన్నాయని కూడా చెప్పింది. అవి థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీస్తాయి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకరపోయిన పల్లెలు చూసినవాళ్లం, నేలలోని ఉప్పు మనిషిని ఎలా పట్టుకుంటుందో మాకు వేరే చెప్పనక్కరలేదు.

ఇంత చెప్పి, రావద్దని మా వాళ్లను ఆపుతానని తమరు అనుకోవద్దు. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జరిగేది చూస్తే తమరికే అర్థమవుతుంది. ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, చెట్ల కింద పట్టలు కట్టుకుంటారు, వాన కడిగిన ఎర్రమట్టిలో వంగి వంగి వజ్రాలు వెతుకుతారు. ఏదో ఒక ఊళ్లో ఎవరికో దొరికిందని కబురు వస్తుంది, వచ్చే ఏడు అంతకు రెట్టింపు మంది వస్తారు. దొరకదని తెలిసినా వంగి చూడకుండా ఉండలేని ఆ జబ్బు నాకూ ఉంది, దాన్ని తప్పని అనలేను. తమరి మట్టిలో ఒకప్పటి జీవం గుర్తు, ఒక్క సూక్ష్మజీవిదైనా సరే, దొరికితే అంతకు మించిన వజ్రం లేదు. అది వెతకడంలో యంత్రం కంటే మనిషి మేలన్నది కూడా నిజమే. ఆపర్చునిటీ రోవర్ 2004 నుంచి 2018 దాకా, 14 ఏళ్లలో, తిరిగింది 45 కిలోమీటర్లు. అనంతపురంలో బయలుదేరి ఉంటే ఈపాటికి గుత్తి కూడా చేరి ఉండేది కాదు. సుత్తి పట్టుకున్న ఒక భూగర్భ శాస్త్రజ్ఞురాలు, వెనకాల సరైన జీపు ఉంటే, ఆ దూరాన్ని ఒక వారంలో చూసి రాగలదు. చిక్కంతా ఆమెను బతికి ఉండగా అక్కడికి చేర్చి, బతికి ఉండగా వెనక్కు తేవడంలోనే ఉంది.

దారి ఆరు నుంచి తొమ్మిది నెలలు. ఆ దారిలో రోజుకు పడే రేడియేషన్ కిరణాల మోతాదును క్యూరియాసిటీ అనే రోవర్ తనతో తెచ్చిన పరికరంతో కొలిచింది. ఇక్కడ ఒక మనిషికి ప్రకృతి నుంచి ఏడాది పొడుగునా అందేది అక్కడ రెండు రోజుల్లోపే అందుతుంది. బరువు తెలియని చోట నెలకు ఒక శాతం చొప్పున తుంటి ఎముక అరుగుతుంది, చూపు దెబ్బతింటుంది. అంతరిక్ష కేంద్రంలో ఆరు నెలలు ఉండి కజకిస్తాన్ మైదానంలో దిగినవాళ్లను కుర్చీల్లో కూర్చోబెట్టి నలుగురు మోసుకుపోవడం అందరూ చూసినదే. తమరి దగ్గర ఆ కుర్చీ పట్టుకోవడానికి ఎవరున్నారు? పీల్చే గాలి సంగతి చూస్తే, పర్సెవరెన్స్‌లోని మాక్సీ అనే పెట్టె తమరి బొగ్గుపులుసు గాలి నుంచి ప్రాణవాయువును తీసింది, అది గొప్ప పనే, అయితే 16 విడతల్లో తీసినదంతా కలిపితే 122 గ్రాములు. ఒక మనిషికి ఒక పూటకు కూడా సరిపోదు. 2018లో తమరు లేపిన దుమ్ము తుఫాను గ్రహమంతా కమ్ముకొని ఆపర్చునిటీకి ఎండ అందకుండా చేసి చంపేసింది. పాపం, అది యంత్రం కాబట్టి దానికి ఊపిరితిత్తులు లేవు.

ఇక ఫోను. తమరు దూరంగా ఉన్నప్పుడు మాట చేరడానికే 22 నిమిషాల దాకా పడుతుంది. నార్పలలో ఒక తల్లి "తింటివా నాయనా?" అని అడిగితే, "తింటిమా" అన్న జవాబు వచ్చేసరికి ముక్కాలు గంట అయిపోతుంది, ఆమె ఈలోపు రెండోసారి, మూడోసారి అడిగి, పలకడం లేదని కంగారుపడి పక్కింటివాళ్లను లేపి ఉంటుంది.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా కలతపెట్టేది బండి సంగతి. కరువు సీమలో మనిషి ఎలా బతుకుతాడని బయటివాళ్లు అడుగుతుంటారు. పొలం ఎండితే కూలికి పోతాడు, కూలి లేకపోతే అప్పు అడుగుతాడు, అప్పు పుట్టకపోతే రాత్రి బస్సెక్కి బెంగళూరు పోతాడు, వాన కబురు వినగానే తిరిగి వస్తాడు. మమ్మల్ని బతికించింది ఎర్రనేల కాదు, ఆ నేలను వదిలి పోగలిగిన బస్సు. తమరి దగ్గర నుంచి బండి 26 నెలలకొకసారే దొరుకుతుంది. మొదటి నెలలోనే గాలి తీసే పెట్టె చెడిపోయినా, ఒకరికి కడుపులో పేగు మెలిపడినా, ఆ బండి కోసం కూర్చోవలసిందే. ఇది తెలిసినవాడెవడూ తమరిని రెండో ఇల్లు అనడు. అంటున్నవాడు ఎన్నడూ కరువు చూడనివాడై ఉండాలి, లేదా ప్లాట్లు అమ్మేవాడై ఉండాలి.

ప్లాట్లంటే గుర్తుకు వచ్చింది. 1967 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం తమరి మీద ఏ దేశానికీ హక్కు లేదు, అంటే తమరు మొత్తంగా అమ్మకం నిషేధించిన భూముల 22ఏ జాబితాలో ఉన్నట్టే, రిజిస్ట్రేషను కాదు. అయినా 2012లో మార్స్ వన్ అనే సంస్థ తిరుగు ప్రయాణం లేని టికెట్టు ప్రకటించింది, రెండు లక్షల మందికి పైగా ముందుకొచ్చారని తనే చెప్పుకుంది, 2019లో దివాలా తీసింది. హైవే పక్కన శెనక్కాయ చేలల్లో రాళ్లు పాతి, రంగు జెండాలు కట్టి, విమానాశ్రయం వస్తుందని చెప్పే మా వాళ్లు ఇది చదివి, తాము ఎంత చిన్న వ్యాపారం చేస్తున్నామో తెలుసుకొని సిగ్గుపడ్డారు.

చివరిగా ఒక స్వవిషయం. మాది మంగళవారం నాడు ఆడపిల్లను అత్తవారింటికి పంపని సీమ. అయితే మన మంగళయాన్ 2013 నవంబరు 5న, సరిగ్గా మంగళవారమే, మధ్యాహ్నం 2.38కి శ్రీహరికోటలో బయలుదేరింది. రాహుకాలానికి 22 నిమిషాల ముందు. మొదటి ప్రయత్నంలోనే తమరి చుట్టూ తిరిగింది కాబట్టి ఆ ముహూర్తం మీద ఎవరూ నోరెత్తలేదు. ఇప్పుడు తమరి మీద కాపురం పెడతానని ఉబలాటపడే ఇంజినీరు కుర్రాడే, పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు అమ్మాయి జాతకంలో తమరు ఏడో ఇంట్లో ఉన్నారని సంబంధం వద్దని లేచి వస్తున్నాడు. ఏడో ఇంట్లో తమరు ఉంటే ఒప్పుకోనివాడు తమరి ఇంట్లోనే ఎలా ఉంటాడో అతనే చెప్పాలి. ఉన్నాడనే అనుకుందాం, అక్కడ బిడ్డ పుట్టిందనే అనుకుందాం. ఆ బిడ్డ కాళ్ల కింద ఉన్న తమరిని జాతక చక్రంలో ఎక్కడ కూర్చోబెట్టాలి? ఆకాశంలో నీలం చుక్కగా కనిపించే భూమిని కొత్త గ్రహంగా చేర్చి, భూదోషమని ఒకటి పుట్టించక తప్పదు. దానికి శాంతి చేయించాలంటే తమిళనాడులో తమరి క్షేత్రమైన వైదీశ్వరన్ కోయిల్ దాకా రావాలి, రావాలంటే బండి 26 నెలలకొకటి, ఈలోపు పిల్లకు పెళ్లీడు దాటిపోతుంది. ఈ విషయంలో తమరి అభిప్రాయం వెంటనే తెలియజేయగలరని ప్రార్థన.

ఇట్లు,
తమరి విధేయుడు,
అనంతపురం జిల్లా శెనక్కాయ రైతు కొడుకు